పంజా అంటే ఎంత

కొత్తవాడ, వరంగల్
12-7-1981

మేనమామ లక్ష్మీనర్సయ్యకు కమల దండం పెట్టి రాసేది,

దండం పెట్టాను కాబట్టి మర్యాద అయిపోయింది. ఇక అసలు సంగతి. నిన్న పొద్దున నీ గుమాస్తా ఉప్పలయ్య మా మగ్గాల కొట్టం ముందు నిలబడి నీ ఉత్తరం గట్టిగా చదివాడు. అంచు వంకర పోయిన ప్రతి జంపఖానాకు కూలిలో రూపాయి కోత అన్నాడు. చదివేటప్పుడు అచ్చం నీలాగే గొంతు సవరించుకున్నాడు. మాతో నేసే పోశవ్వకు ఒళ్ళు మండి, "అంచు ఎందుకు వంకర పోతాందో నూలు పంపినాయననే అడుగు" అంది. ఆమె అన్నది నిజం. నువ్వు షోలాపూర్ నుంచి పంపుతున్న నూలు చేత్తో పట్టుకుంటే తెగుతోంది. గంటకు పది ముళ్ళు వేసి నేస్తే అంచు తిన్నగా ఎట్లా వస్తుంది?

పెద్ద జంపఖానాకు పదహారు రూపాయలు ఇస్తున్నావు. ఆ మగ్గం మీద ఒక్కరు కూర్చుంటే పని జరగదు, ఇద్దరు పక్కపక్కన కూర్చుని రెండు రోజులు నేస్తే వచ్చేది ఆ పదహారు. నా పెద్దకొడుకు పుట్టిన ఏడు కూడా పదహారే. వాడిప్పుడు బడికి పోతున్నాడు. ఈ ఆరేళ్ళలో బియ్యం ధర ఎక్కడి నుంచి ఎక్కడికి పోయిందో నీకు తెలియదా? షోలాపూర్‌లో బియ్యం ఊరికే పోస్తున్నారా?

మొన్న ముప్ఫై రెండు మగ్గాల వాళ్ళం కలిసి కూర్చున్నాం. "నీకు అచ్చరాలొస్తయి, ఆయన నీ మేనమామ, నువ్వే రాయి" అని అందరూ నా మీద పెట్టారు. మా ఆయన రాయమల్లుకు ఇష్టం లేదు. "సొంతోళ్ళతోని కొట్లాట మనకెందుకే" అన్నాడు. అయినా నేను ఒప్పుకున్నాను. మా నాయన పోయాక నన్ను పెంచింది నువ్వే, కాదనను. నూలు దుకాణాలకు, అంగళ్ళకు వెంట తిప్పి బేరం ఎట్లా ఆడాలో చెప్పింది కూడా నువ్వే. అందుకే ముందు నీకే రాస్తున్నాను. కోత ఎత్తెయ్. కూలి పెంచు. పిల్లలు గంజి తాగి పడుకుంటున్నారు మామా, వాళ్ళ మీద ఒట్టు పెట్టి చెప్తున్నాను. ఒక్కసారి వచ్చి మా ముందు కూర్చో.

నీ మేనకోడలు
కమల


షోలాపూర్
23-7-1981

చిరంజీవి కమలకు మేనమామ దీవెనలు,

నీ ఉత్తరం అందింది. చేతిరాత బాగుపడింది, బుద్ధి మాత్రం అట్లాగే ఉంది. బేరం నేర్పింది నేనే అని రాశావు. ఆ మాట ఇంకెక్కడా అనకు, నా పరువు పోతుంది.

మొదటి మాటలోనే కోపం చూపించావు. కోపం చూపించినవాడు అవసరంలో ఉన్నాడని ఎదుటివాడికి తెలిసిపోతుంది. తర్వాత ఆకలి సంగతి ఎత్తావు. గంజి తాగుతున్నామని షావుకారుకు చెప్తే అతడేం చేస్తాడు? ఇంకో వారం ఆగితే వీళ్ళే దిగి వస్తారు అనుకుంటాడు. నేను కూడా అదే అనుకున్నాను. ఇక ముప్ఫై రెండు మగ్గాలన్నావు. అంటే ముప్ఫై రెండు పొయ్యిలు. అన్నీ ఒకే రోజు ఆరిపోవు. ముందు ఎవరిది ఆరుతుందో వాళ్ళు ముందు నా దగ్గరికి వస్తారు. నీ ఉత్తరం చదివి మా ఆవిడ కళ్ళు తుడుచుకుంది, నాకు మాత్రం నవ్వొచ్చింది.

నీకు పన్నెండేళ్ళప్పుడు తొర్రూరు అంగడిలో మేక బేరం గుర్తుందా? పక్కవాళ్ళకు ధర తెలియకూడదని తువ్వాల కింద చెయ్యీ చెయ్యీ కలిపి, పట్టుకున్న వేలుకు పది చొప్పున అడగాలి. దలాలు నయీముద్దీన్ భాయ్ నీ చేతి మీద తువ్వాల కప్పాడు. నువ్వు ఆ మేకలాయన చెయ్యంతా పట్టుకున్నావు. నలభై అడిగానని నీ లెక్క. నా కుడిచేతికి ఉంగరపు వేలు లేదు కదా, ఈ చేతి మీద నేర్చుకున్నదానివి కాబట్టి పంజా, అంటే చెయ్యంతా, నాలుగే అనుకున్నావు. ఆయన యాభై తీసుకొని మేకను చేతిలో పెట్టాడు. అంగడంతా నవ్వింది. పంజా అంటే ఐదు, నా చెయ్యి చూసి లెక్క నేర్చుకోకు అని ఆ రోజే చెప్పాను. ఇప్పటికీ నీకు ఎదుటివాడి చెయ్యి తెలియదు, నీ చెయ్యీ తెలియదు.

ఇక్కడ నా గోదాం నిండా సరుకు ఉంది. కొనే దిక్కు లేదు. నేనే మగ్గాలు ఆపుదామనుకుంటున్నాను, మీ మీద దయతో ఆపలేదు. అయినా నువ్వు నా చెల్లెలి బిడ్డవు. నీ ఒక్క మగ్గానికి జంపఖానాకు రెండు రూపాయలు పెంచుతాను. ఉప్పలయ్య చాటుగా ఇస్తాడు. మిగతావాళ్ళకు చెప్పకు, వాళ్ళ తరఫున నాకు రాయకు.

లక్ష్మీనర్సయ్య


కొత్తవాడ, వరంగల్
4-8-1981

మామా,

నీ ఉత్తరాన్ని వాకిట్లో నిలబడి అందరికీ చదివి వినిపించాను. ఉప్పలయ్య నీ ఉత్తరాలు అట్లాగే చదువుతాడు కదా. "ఉప్పలయ్య చాటుగా ఇస్తాడు" అన్న చోటికి వచ్చేసరికి ఉప్పలయ్య కూడా అక్కడే ఉన్నాడు, చెప్పులు చేతిలో పట్టుకొని వెళ్ళిపోయాడు. రాయమల్లు తల దించుకున్నాడు. పోశవ్వ నన్ను కౌగిలించుకుంది. నా ఇన్నేళ్ళ బతుకులో నీవల్ల నాకు ఇంత మంచి ఎప్పుడూ జరగలేదు. అది చదివేదాకా సగం మందికి నా మీద అనుమానం ఉండేది, మేనమామ వైపు మాట్లాడుతుందేమోనని. ఇప్పుడు లేదు.

నిన్నటి నుంచి ముప్ఫై రెండు మగ్గాలూ ఆపేశాం. సగం నేసిన జంపఖానాలు మగ్గాల మీదే ఉన్నాయి. కోయము, నెయ్యము.

నేను తప్పులు చేశానని పాఠం చెప్పావు. నీ తప్పు కూడా చెప్తాను విను. ముందు అంకె చెప్పినవాడు ఓడిపోతాడని నాకు చిన్నప్పుడు చెప్పేవాడివి. నూలు దుకాణంలో నా నోరు మూసేవాడివి కూడా. నా ఉత్తరంలో కూలి పెంచు అన్నాను కానీ అంకె వెయ్యలేదు. నువ్వే వేశావు, రెండు అని. షావుకారు దగ్గర రెండు ఉందని మాకు తెలిసిపోయింది. మాకు కావలసింది ఎనిమిది.

ఇంకొకటి. గోదాం నిండా సరుకు ఉందన్నావు. మరి ఉప్పలయ్య వారంలో రెండుసార్లు వచ్చి, "జర జల్దీ చేయుండ్రి, ఎప్పుడు దించుతరు" అని ఎందుకు అడుగుతున్నాడు? సరుకు అమ్ముడుపోనివాడికి తొందర ఎందుకు?

ఆకలి గురించి ఇక రాయను. ఆ పాఠం మాత్రం బాగుంది, నేర్చుకున్నాను. మేమందరం బాగున్నాం. వర్ధన్నపేట దిక్కు నాట్లు పడుతున్నాయి, ఆడవాళ్ళం కూలికి పోతున్నాం. అత్తకు నా దండాలు. ఆమె కళ్ళు తుడుచుకుందని రాశావు, ఆ ఇంట్లో ఒక్కరికైనా కళ్ళున్నాయని సంతోషించాను.

కమల


షోలాపూర్
16-8-1981

కమలకు,

ఇంట్లో మాట వాకిట్లో పెట్టావు. నా ఉత్తరాన్ని నలుగురిలో చదివి నన్ను దొంగను చేశావు. ఇంతకాలం నా మనిషి అనుకున్నాను, ఇక అనుకోను.

మగ్గాలు నావి కావు, మీవే, ఒప్పుకుంటాను. మగ్గం మీద ఉన్న నూలు నాది. మగ్గం మీద సగం నేసి వదిలిన ప్రతి జంపఖానా నాది. ఈ నెలాఖరులోగా నూలు వాపసు ఇవ్వకపోతే పోలీసు స్టేషన్‌లో కాగితం పెట్టమని ఉప్పలయ్యకు రాశాను. ఇక్కడ షోలాపూర్‌లో నేసేవాళ్ళకు కరువు లేదు. మన వైపు నుంచి వచ్చిన పద్మశాలి వాడ మొత్తం ఇక్కడే ఉంది. మీరు చేసే పని వాళ్ళు పదిహేనుకు చేస్తారు.

ఐక్యత అంటూ ఊరేగుతున్నావు. మీ పోశవ్వ మొన్న ఉప్పలయ్య దగ్గరికి పోయి పదిహేడు ఇస్తే కూర్చుంటానంది. నీ వెనక ఉన్నది ఇటువంటివాళ్ళు. ముందు ఎవరి పొయ్యి ఆరుతుందో వాళ్ళు వస్తారని చెప్పాను కదా, వచ్చారు. ఇంకో పదిరోజులకు రాయమల్లు వస్తాడు. వాడు మంచివాడు, నీ నోటికి భయపడి మాట్లాడడు.

ఎనిమిది అని రాయడానికి నీకు చెయ్యెట్లా వచ్చింది? నా చెయ్యి నీకు గుర్తు రాలేదా? అన్నం తినేటప్పుడు ముద్ద జారిపోతుంటే మీ అత్త నా పళ్ళెం వంక చూడదు. దండం పెట్టేటప్పుడు రెండు చేతులు సరిగ్గా కలవవు. ఈ చెయ్యి ఎవరి కోసం ఇట్లా అయిందో నీకొక్కదానికే బాగా తెలుసు. ఇరవై ఏళ్ళలో ఒక్కమాట అనలేదు నేను. అనిపించుకున్నావు.

లక్ష్మీనర్సయ్య


కొత్తవాడ, వరంగల్
31-8-1981

షావుకారు లక్ష్మీనర్సయ్య గారికి,

మీరు నన్ను మీ మనిషి అనుకోనన్నారు కాబట్టి ఇక నుంచి మీరు అనే రాస్తాను.

పోశవ్వ ఉప్పలయ్య దగ్గరికి పోయిన మాట నిజం. మరుసటి రోజు పొద్దున్నే వచ్చి ఆమే నాకు చెప్పుకుంది. చిన్నబిడ్డకు జ్వరం, దవాఖానకు పైసలు లేక పోయానని ఏడ్చింది. కానీ మీరొక సంగతి మరిచిపోయారు. మీ వ్యాపారమే అది, ఎట్లా మరిచిపోయారో తెలియదు. పెద్ద మగ్గం మీద ఇద్దరు కూర్చోవాలి. పోశవ్వ కూర్చుంటే ఆమె పక్కన ఎవరు కూర్చుంటారు? ఆమె తోడికోడలు రానంది. మీరు ఒక్కొక్కరిని విడదీసి కొనగలరు, కానీ ఇద్దరిద్దరిని కొనాలి. బిడ్డను దవాఖానలో చూపించాం. ఎట్లా చూపించామో మీకు రాయను.

పోలీసుల మాట. నూలు వాపసు ఇస్తాం, మనుషులను పంపండి. కానీ మగ్గం మీద ఎక్కించిన పడుగు కోస్తే అది పీలికలు తప్ప దేనికీ పనికిరాదు. మీకు తెలియనిది కాదు.

ఇక్కడి మీ గోదాము ముందు శుక్రవారం బండి దిగింది. కొత్త గోనెసంచులు, వాటి మీద బొంబాయి ముద్ర ఉంది. మూడు వందల సంచులు అని దించిన హమాలీ చెప్పాడు. కొనే దిక్కు లేనివాడు మూడు వందల సంచులు ఎందుకు తెప్పిస్తాడు? బొంబాయి వాళ్ళకు మీరు ఏ తారీఖు మాటిచ్చారో నాకు తెలియదు. మాటిచ్చారని మాత్రం తెలుసు. షోలాపూర్‌లో పదిహేనుకు నేసేవాళ్ళు ఉంటే ఆ సంచులు షోలాపూర్‌లోనే దిగేవి.

ఇక మీ చెయ్యి. నాకు ఏడేళ్ళు. మీ కొట్టంలో నూలు చుట్టే మిషన్ కింద గోళీ పడితే చెయ్యి పెట్టాను. పట్టా నా చేతిని లాగుతుంటే మీరు మీ చెయ్యి అడ్డం పెట్టి నాది తోసేశారు. నెత్తురు నా గౌను మీద పడింది. మీరు నన్ను కొట్టలేదు, తిట్టలేదు, "బిడ్డకు ఏం కాలే కదా" అని మాత్రం అడిగారు. నేను ఏదీ మరిచిపోలేదు. ఇరవై ఏళ్ళు మీరు ఆ మాట ఎత్తలేదు. ఎత్తని రోజులన్నీ అది నా మీద చాలా బరువుగా ఉండేది. ఇప్పుడు ఎత్తారు, దాన్ని బేరంలో పెట్టారు, బరువు దిగిపోయింది. మీ వేలుకు నేను రుణపడి ఉంటే ఉంటాను. ఈ ముప్ఫై రెండు మగ్గాల వాళ్ళు మీ మిషన్ కింద చెయ్యి పెట్టలేదు.

ఇట్లు
కమల


షోలాపూర్
10-9-1981

కొత్తవాడ నాయకురాలికి,

ఇరవయ్యో తారీఖు ఆదివారం వస్తున్నాను. ఒక్క రోజు ఉంటాను. మీ ఇంట్లో నీళ్ళు కూడా తాగను.

నోటితో నీతో మాట్లాడేది లేదు. మాట్లాడితే నేనేమంటానో నాకే తెలియదు. తొర్రూరు నుంచి నయీముద్దీన్ భాయ్‌ను పిలిపిస్తున్నాను. మధ్యలో ఆయన కూర్చుంటాడు. అంగడి పద్ధతిలో తువ్వాల కిందనే తేల్చుకుందాం. వేలుకు రూపాయి. పదహారు మీద ఎన్ని వేళ్ళు పట్టుకుంటావో పట్టుకో, చెయ్యి చాలకపోతే వదిలి మళ్ళీ పట్టుకో. ఒప్పుకుంటే తల ఊపుతాను, లేకపోతే చెయ్యి విదిలిస్తాను. అంకె మాత్రం ఎవరూ పైకి అనకూడదు. పక్కన వేరే షావుకార్ల మనుషులు చెవులు పెట్టుకొని ఉంటారు, రేపు వాళ్ళ మగ్గాలు కూడా నీ పాటే పాడతాయి. ఎంతకు తెగిందో తర్వాత నేనే ఉప్పలయ్యకు రాస్తాను.

మగ్గం మీద ఉన్న సరుకుకు ఎలుకలు పట్టకుండా చూడు. అది ఇంకా నాదే.

లక్ష్మీనర్సయ్య


షోలాపూర్
3-10-1981

కమలా,

ఏమిటీ మోసం? ఉప్పలయ్య నుంచి నిన్న ఉత్తరం వచ్చింది. నేను ఇరవై అని రాస్తే, ఇరవై ఒకటి ఇస్తేనే దించిన సరుకు అప్పజెప్తామని మీరు కూర్చున్నారట. తొంభై సంచుల సరుకు నేసి ఇళ్ళల్లో పెట్టుకున్నారట. నీ మొగుడు కూడా, "మా కమల ఐదన్నది, ఐదే" అన్నాడట. వాడికి కూడా నోరు వచ్చింది, చాలా సంతోషం.

నేను నాలుగుకు తల ఊపాను. ముందు నువ్వు రెండుసార్లు చెయ్యి పట్టుకున్నావు, రెండుసార్లు విదిలించాను. మూడోసారి నా చెయ్యంతా పట్టుకొని అక్కడే ఆగావు. నయీముద్దీన్ భాయ్, "ఖతమా?" అన్నాడు, ఇద్దరం తల ఊపాం. నా చెయ్యంతా పట్టుకుంటే ఎన్ని? నా చేతికి ఉన్నవే నాలుగు. లేని వేలును నువ్వెట్లా పట్టుకుంటావు? లేని వేలుకు నేనెందుకు రూపాయి ఇవ్వాలి?

పైగా నువ్వు లెక్క నేర్చుకున్నది ఈ చేతి మీదే. నీకు పంజా అంటే నాలుగని అంగడంతటికీ తెలుసు. ఈ చేతిని తెలిసి పట్టుకొని ఇప్పుడు ఐదంటున్నావు. ఇది బేరం కాదు, దగా. నిన్ను నమ్మి తువ్వాల కింద చెయ్యి పెట్టడం నాది బుద్ధి తక్కువ. నాలుగు. దాని మీద దమ్మిడీ రాదు. నాలుగుకు ఒప్పుకొని సరుకు ఇవ్వకపోతే నీ ముఖం చూడను, నీ ఇంటి గడప తొక్కను, నీ పిల్లలు నాకు ఏమీ కారు.

లక్ష్మీనర్సయ్య


కొత్తవాడ, వరంగల్
14-10-1981

షావుకారు గారికి,

దగా అన్నారు కాబట్టి ఒళ్ళు దగ్గర పెట్టుకొని రాస్తున్నాను. రాయమల్లు పక్కనే కూర్చున్నాడు, తిట్లు రాస్తే కొట్టేయిస్తున్నాడు.

తొర్రూరు పోయి నయీముద్దీన్ చాచాను అడిగాను. ఆయనకు మన ఇద్దరి మీదా కోపంగా ఉంది. "మీ ఇంటి పంచాదిల నన్నెందుకు కూసోబెట్టిండ్రు బేటీ" అన్నాడు. తర్వాత చెప్పాడు. "పంజా అంటే పాంచ్. పీర్ల పండుగకు ఎత్తే మా పీరు పంజాకు ఒక వేలు ఇరిగి ఉన్నది, దాన్ని చార్ అంటమా? పంజా పంజానే." ఆయన మాట మీకు చాలదని తెలుసు. అందుకే ఇంకో సాక్షిని పంపుతున్నాను.

మీ జులై ఇరవై మూడు ఉత్తరంలో ఒక పేజీ ఈ కవరులో పెట్టాను. అసలుది నా దగ్గరే ఉంది, ఇది రాయమల్లు చూసి రాసిన నకలు, అక్షరాలు వంకరగా ఉంటాయి. "పంజా అంటే ఐదు, నా చెయ్యి చూసి లెక్క నేర్చుకోకు." ఈ మాట ఎవరు రాశారు? నన్ను వెక్కిరించడానికి రాశారు. నేను మాత్రం నేర్చుకోవడానికి చదువుకున్నాను.

ఇక మూడో సాక్షి సంగతి. ఇది మీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు. మిషన్ దగ్గర ఆ రోజు తర్వాత నేను మీ కుడిచేతిని ఎన్నిసార్లు పట్టుకున్నా ఆ చోటును తాకలేదు. చిన్నప్పుడు లెక్క నేర్చుకునేటప్పుడు కూడా పక్క వేళ్ళనే పట్టుకునేదాన్ని. భయం. మొన్న తువ్వాల కింద మొదటిసారి చెయ్యంతా పట్టి వదిలి, మళ్ళీ మూడు పట్టుకొని ఎనిమిది అడిగాను, మీరు విదిలించారు. రెండోసారి చెయ్యంతా పట్టి వదిలి, మళ్ళీ నడిమి వేలూ చిటికెన వేలూ పట్టుకొని ఏడు అడిగి ఆ మొండి దగ్గర ఆగిపోయాను, మీరు అప్పుడు కూడా విదిలించారు. మూడోసారి చెయ్యంతా పట్టుకొని, నా చూపుడువేలు ఆ మొండి మీద పెట్టి గట్టిగా నొక్కాను. లేని వేలును ఎట్లా పట్టుకున్నావని అడిగారు. ఇట్లా పట్టుకున్నాను. మీకు తెలియలేదంటారా? మీరు నా ముఖం వంక చూశారు. ఆ తర్వాతే తల ఊపారు.

నాలుగంటే మా వాళ్ళు నాలుగే తీసుకుంటారు. నన్ను మాట తప్పినదని అనరు, పాపం ఆమెకు అంగడి లెక్క రాదు అనుకుంటారు, మేక సంగతి వాళ్ళకూ తెలుసు. నాకు అది కూడా పర్వాలేదు. కానీ మీరు తువ్వాల కింద తల ఊపి, షోలాపూర్ పోయి కాదన్నారు. నాకు బేరం నేర్పినాయన అట్లా చేసేవాడు కాదు. ఆయన ఓడిపోతే ఓడిపోయానని చెప్పి, దారి పొడుగునా తిట్టుకుంటూ ఇంటికి వచ్చేవాడు.

ఐదు ఇస్తే సరుకు పంపుతాం. ఇవ్వకపోతే తొంభై సంచులూ ఇక్కడే ఉంటాయి. మీ బొంబాయి తారీఖు ఎప్పుడో నేను అడగను.

కమల

నా పిల్లలు మీకు ఏమీ కారని రాశారు. చిన్నవాడు నిన్న మీ గురించి అడిగాడు. అది ఈ బేరంలోది కాదు, ఊరికే రాశాను.


షోలాపూర్
27-10-1981

కమలా,

నొక్కావు. తెలిసింది.

ఉప్పలయ్యకు ఇరవై ఒకటి అని రాశాను. కోత కూడా తీసేశాను. ఈ ఉత్తరం వాకిట్లో చదివినా నాకు అభ్యంతరం లేదు, ఎట్లాగూ చదువుతావు. వేరే షావుకార్లకు తెలిస్తే తెలియనీ, వాళ్ళు కూడా నాతోపాటు ఏడవనీ.

నీ మీద కోపం పోలేదు. పోతుందని కూడా అనుకోకు. మీ అత్త, "ఇంక ఇడిసిపెట్టుండ్రి, మన పిల్లనే కదా" అంటుంది. నేను విడిచిపెట్టను. నా ఉత్తరాన్నే నాకు నకలు తీసి పంపిన మనిషివి నువ్వు. నీ మొదటి ఉత్తరానికి పాఠం చెప్తూ కూర్చోవడం నాది తప్పు, ఊరుకొని ఉంటే ఈపాటికి పదిహేడుకు నేసేవాళ్ళు. ఆకలి మాట ఎత్తకూడదని నేనే చెప్పాను. తర్వాత ఒక్క ఉత్తరంలో కూడా ఎత్తలేదు నువ్వు. ఆగస్టు ఆఖరులో మీ ఇంట్లో మూడు రోజులు పొయ్యి వెలగలేదని ఉప్పలయ్య నాకు రాశాడు. నా చేతికి ఆ వేలు లేనట్టే నీ మాటల్లో ఆ మూడు రోజులు లేవు. అయినా ఉన్నాయని నాకు తెలుసు. ఆ ఉత్తరం చదివిన తర్వాతే వస్తున్నానని నీకు రాశాను. బొంబాయి సంగతి కూడా ఒక కారణం, అదొక్కటే కాదు.

ఒక మాట దాచాను, ఇప్పుడు చెప్తాను, చెప్తే నీకు నొప్పి కలుగుతుందని తెలిసే చెప్తున్నాను. బొంబాయి వాళ్ళకు దీపావళి రోజుకు సరుకు అప్పజెప్తానని రాసి ఇచ్చాను. అది ఈ రోజే, గడువు దాటిపోయింది. ఇంకో పదిహేను రోజులు కాళ్ళు పట్టుకొని అడుక్కున్నాను. ఆ ఆదివారం నువ్వు ఇంకోసారి విదిలింపు తట్టుకొని ఉంటే ఏడుకు తల ఊపేవాడిని. రెండు రూపాయలు అక్కడే వదిలేశావు. ముప్ఫై రెండు మగ్గాలకు ఎంతో నువ్వే లెక్క వేసుకో, నీ నిద్ర చెడడానికి అది చాలు.

సరుకు వెంటనే పంపు. చిన్నవాడికి సంచుల బండి వాపసు వచ్చేటప్పుడు ఒక పొట్లం పంపుతున్నాను. అది కూడా బేరంలోది కాదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ ఇట్లాగే మగ్గాలు ఆపుతారు, నాకు తెలుసు. నేనూ వస్తాను. అప్పుడు తువ్వాల కింద ఎడమ చెయ్యి పెడతాను. దానికి ఐదూ ఉన్నాయి.

మీ మామ
లక్ష్మీనర్సయ్య